సారె లేకుండా ఇంటి మట్టిపాత్రలు: బెజవాడ ఫ్లాట్‌లో నడుస్తున్న పని

ఏప్రిల్ చివర

చేయాలనుకున్నవి నాలుగే నాలుగు. పెరుగు తోడేసుకోవడానికి ఒక చట్టి, వంటగట్టు మీదికి మూత ఉన్న ఉప్పు జాడీ, పళ్ళు పెట్టుకునే వెడల్పాటి పళ్ళెం, బాల్కనీ బల్బు మీద బోర్లించడానికి చిల్లుల గూడు. కుండలు తిప్పే చక్రం, అదే సారె, లేదు, కొనే ఉద్దేశమూ లేదు. మా భవానీపురం ఫ్లాట్‌లో దానికి చోటు లేదు, ఉన్నా సారె మీద చెయ్యి కుదిరేలోపు ఈ నాలుగూ చేత్తోనే అయిపోతాయి. చేత్తో కట్టడమంటే ప్రధానంగా మూడు దారులు: ముద్దలోకి బొటనవేలు దించి గోడను నొక్కుకుంటూ పలచన చేయడం, మట్టిని పొడుగు తాళ్ళుగా చేసి ఒకదాని మీద ఒకటి చుట్టడం, చపాతీ కర్రతో పలకగా ఒత్తి ముక్కలు కోసి అతకడం. చట్టికి మొదటిది, జాడీకి రెండోది, పళ్ళానికీ గూడుకీ మూడోది అనుకున్నాను.

చెయ్యి పెట్టే ముందు మట్టి సంగతి తేలాలి. గుంటూరు అవతల తమ పొలంలో నల్లరేగడి ఎంత కావాలంటే అంత ఉంది, వచ్చి తవ్వుకుపో అన్నాడు మా బావ. వద్దన్నాను. అది తడిస్తే ఉబ్బి, ఎండితే విపరీతంగా కుంచించుకుపోయే రకం బంక. ఎండాకాలం ఆ చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు వస్తాయి చూడండి, అదే పని నా పళ్ళెంలోనూ చేస్తుంది. ఊరవతల కుండలు చేసే ఒక పెద్దాయన దగ్గర చెరువు అడుగు మట్టి దొరికింది. ఆయన దానికి కొంచెం ఇసుక కలుపుకుంటాడు. చివర్లో కాల్చేది కూడా ఆయన ఆవంలోనే (కుండలు కాల్చే బట్టీ) కాబట్టి ఆ మంటకు అలవాటైన మట్టి వాడటమే తెలివి.

ఇంటికి తెచ్చాక చేసింది ఇదీ. మట్టిని ముందు మేడ మీద పూర్తిగా ఎండబెట్టి, సుత్తితో చిన్న గడ్డలు చేసి, అప్పుడు బకెట్ నీళ్ళలో వేశాను. పచ్చిగా ఉన్న గడ్డ నీళ్ళలో అలాగే బంకగా కూర్చుంటుంది, ఎండింది మాత్రం బుడగలు వదులుతూ తనంతట తానే విచ్చుకుపోతుంది. రాత్రంతా నానాక గరిటెతో కలిపి, రవ్వ జల్లెడలో వడకట్టి, పైన తేలిన నీళ్ళు వంపేసి, ఆ బురదను పాత పంచెలో పోసి మేడ మీద తీగకి వేలాడదీశాను. జల్లెడలో మిగిలిన చెత్తలో వేర్లు, గులకరాళ్ళతో పాటు తెల్లటి గుళికలు కొన్ని ఉన్నాయి. వాటి మీద నిమ్మరసం పిండితే నురగ వచ్చింది, అంటే సున్నపు గుళికలే. అసలు భయం వాటితోనే. కాల్చినప్పుడు అవి కాల్చిన సున్నంగా మారిపోతాయి, ఆ తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, బాగానే ఉందనుకున్న పాత్ర గోడలోంచి బిళ్ళలాగా పెచ్చు ఊడగొడతాయి, అది కూడా ఆవంలోంచి తీసిన ఎప్పటికో. అందుకే మరోసారి, ఈసారి టీ వడపోసే సన్న జాలీలో. విసుగ్గానే ఉంటుంది, కానీ ఈ పనిలో తగ్గించుకోకూడనిది ఇదే.

మే

మట్టి ఎంత కుంచించుకుంటుందో చూడటానికి దానితోనే నాలుగు పేడు ముక్కలు చేసి ఒక్కొక్కదాని మీద 10 సెం.మీ. గీత గీశాను. ఉత్త మట్టితో చేసింది ఎండేసరికి గీత 9.2కి దిగింది. పగిలిన కుండ పెంకులు దంచి, జల్లించి, ఆ పొడి ఐదో వంతు కలిపింది 9.4 దగ్గర ఆగింది, పైగా పేడు వంకరపోలేదు. పెంకుల పొడి ఒకసారి కాలినదే కాబట్టి మళ్ళీ కుంచించుకోదు, మట్టి మధ్యలో నీళ్ళు బయటికి పోవడానికి దారి కూడా ఇస్తుంది. చేతికి గరుకుగా తగులుతుంది, పలుచటి అంచులు రావు. పళ్ళానికీ గూడుకీ పొడి కలిపిన మట్టి, చట్టికి మాత్రం పొడి తగ్గించి మెత్తటిది అని తేల్చుకున్నాను.

ఇక అసలు గొడవ ఎండతో. వీడియోల్లో చూస్తే అందరూ పాత్ర చేసి అలమరలో పెడతారు, వారం తర్వాత తీస్తారు. బెజవాడ మే నెలలో బయట వడగాలి, లోపల ఫ్యాన్, ఉదయం చేసిన దాని అంచు మధ్యాహ్నానికి తెల్లబడిపోతుంది, అడుగు మాత్రం ఇంకా తడిగా నల్లగానే ఉంటుంది. అంచు ముందే కుంచించుకుని గట్టిపడిపోయింది, అడుగు ఇప్పుడు కుంచించుకోవాలి, రెండింటికీ మధ్య లాగుడు మొదలవుతుంది, ఎక్కడో ఒకచోట బీట పడుతుంది. ఫ్యాన్ కింద ఉంచిన మొదటి పళ్ళెం గాలి తగిలిన వైపు అప్పడంలా లేచింది. దాన్ని నీళ్ళలో వేసి మళ్ళీ మట్టి చేసేశాను. కాల్చనంతవరకూ ఏదీ నష్టం కాదు, ఈ పనిలో నాకు బాగా నచ్చే సంగతి అదే.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. అంచు చుట్టూ తడిపి పిండిన గుడ్డ పేలిక, మొత్తం మీద డ్రైక్లీనింగ్ బట్టలకు వచ్చే పలుచటి కవరు. రోజూ ఆ కవరు తీసి, లోపల పట్టిన నీళ్ళు తుడిచి, తిరగేసి కప్పడం. పాత్ర కింద న్యూస్‌పేపర్, దాని కింద పలుచగా ఇసుక, ఎందుకంటే పాత్ర కుంచించుకునేటప్పుడు అడుగు కూడా జరగాలి, చెక్కకు అతుక్కుంటే అక్కడే చీలుతుంది. ఆఫీసుకి వెళ్తూ మంచం కిందకి తోసేసి వెళ్తే ఫ్యాన్ గాలి తగలదు. మా ఇంట్లో మంచం కిందే ఇప్పుడు వర్క్‌షాపు.

పెరుగు చట్టి ఈ నెలలోనే అయింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అరచేతిలో పట్టేంత ముద్ద, బొటనవేలు మధ్యలో, తిప్పుతూ నొక్కడం. అంచు పగుళ్ళిస్తుంటే తడి వేలితో రుద్దకుండా, రెండు వేళ్ళ మధ్య నొక్కి కలపాలి. నీళ్ళు ఎక్కువైతే గోడ కుంగుతుంది. గోడ చిటికెనవేలు లావు దగ్గర ఆపేశాను.

జూన్, జూలై

పలకల పని. చపాతీ కర్రకు అటూ ఇటూ 8 మి.మీ. మందం చెక్క పట్టీలు పెట్టి ఒత్తితే పలక అంతటా ఒకే మందంగా వస్తుంది. కింద ప్లాస్టిక్ వద్దు, పాత కాటన్ చీర ముక్క వేస్తే అతుక్కోదు. ఒకవైపే ఒత్తుతూ పోతే తర్వాత అటే వంకర తిరుగుతుంది, అందుకని మధ్యమధ్యలో చీరతో సహా ఎత్తి తిరగేసి ఒత్తాలి. చేత్తో అంచు పట్టుకుని లేపితే మాత్రం, ఆ వంపును మట్టి మర్చిపోదు. బల్ల మీద మళ్ళీ చదును చేసినా సరే, ఎండేటప్పుడో కాలేటప్పుడో అదే వైపు లేస్తుంది.

పళ్ళెం మీద అచ్చుకు పెడన నుంచి తెచ్చిన పాత కలంకారీ అచ్చు దిమ్మె వాడాను. బట్టల మీద అద్దకం అద్దే టేకు దిమ్మె, అంచు అరిగిపోయి పక్కన పడేసింది. బట్ట కోసం చెక్కిన గీత మట్టిలో ఇంత అందంగా దిగుతుందని నేను అనుకోలేదు, లతలో ఒక్కొక్క ఆకు ఈనెతో సహా పడింది. దిమ్మె అతుక్కోకుండా దాని మీద కొంచెం మొక్కజొన్న పిండి చల్లాను, ఆ పిండి కాలిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. గాఢంగా నొక్కకండి. 8 మి.మీ. పలకలో 3 మి.మీ. దిగితే చాలు, అంతకు మించితే ఆ గాడి వెంబడే పగులుతుంది. అచ్చు వేశాక స్టీలు పళ్ళెంలో గుడ్డ పరిచి, పలకను అందులోకి దించి, అంచు సరిచేసి వదిలేశాను. నొక్కితే వంగకుండా, గోరు మాత్రం దిగే పదును వచ్చాక బయటికి తీసి తిరగేశాను.

బల్బు గూడుకు పీవీసీ పైపు ముక్కకు న్యూస్‌పేపర్ చుట్టి, దాని చుట్టూ పలక చుట్టాను. పైపు కుంచించుకోదు, మట్టి కుంచించుకుంటుంది. అందుకని గూడు తన కాళ్ళ మీద తాను నిలబడగలిగిన వెంటనే పైపు లాగేయాలి. పేపరు చుట్టింది అందుకే, జారి వస్తుంది. అతుకు దగ్గర రెండు అంచులనూ ఏటవాలుగా కోసి, ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీసి, అదే మట్టితో చేసిన చిక్కటి బురద పూసి, నొక్కి, లోపలివైపు సన్న తాడు పెట్టి వేలితో పామాను. రెండు ముక్కలూ ఒకే పదునులో ఉండాలి. ఒకటి తడిగా, ఒకటి ఆరి ఉంటే ఎంత బురద పూసినా ఆ అతుకు ఊడుతుంది. చిల్లులు అదే గోరు దిగే పదునులో, డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పుతూ వేశాను. మెత్తగా ఉన్నప్పుడు వేస్తే గోడ లోపలికి పోతుంది, బాగా ఎండాక వేస్తే పెచ్చులు లేస్తాయి.

వానలు మొదలయ్యాక ఇబ్బంది తిరగబడింది, ఇప్పుడు ఏదీ ఆరదు. పైకి తెల్లగా ఎండినట్టే కనిపిస్తుంది. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో మంటలోకి వెళ్తే నూరు డిగ్రీల దగ్గర ఆవిరై పాత్రను పేల్చేస్తుంది. గాలి బుడగ ఉంటే పేలుతుందని చాలామంది చెప్తారు, అది సగం మాటే, పేల్చేది తడి. బాగా ఎండిన గోడలో బుడగ ఉన్నా ఏమీ కాదు, మందంగా ఉండి లోపల చెమ్మ మిగిలితే బుడగ లేకున్నా పేలుతుంది.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి రెండు మాటలు. చేతులు, పనిముట్లు సింకులో కడగొద్దు. ఒక బకెట్లో కడిగి, మట్టి అడుగుకు చేరాక పై నీళ్ళు మొక్కలకు పోసి, మట్టి మళ్ళీ వాడుకోండి. పైపులో పేరుకుంటే కింద ఫ్లాటు వాళ్ళతో, అసోసియేషన్‌తో పంచాయితీ మీకే. ఎండిన మట్టి పొడిని చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. ఆ దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు.

దసరా తర్వాత

ఇంద్రకీలాద్రి రద్దీ తగ్గాక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దీపావళి ప్రమిదల హడావిడిలో ఉన్నాడు. పళ్ళెం చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, గోటితో కొట్టి చూశాడు.

"ఏమ్మా, ఇంత మందం పెడితే ఎట్టా? లోపల తడి చావద్దూ?"

"నెల పైనే ఆరింది బాబాయ్."

"ఆరింది సరే, పైన పెడతాలే, నెమ్మదిగా కాగుద్ది. కింద పెడితే నీదీ పోద్ది, పక్కన నా ప్రమిదలూ పోతాయి."

ఆవంలో ఎక్కడ పెట్టాలన్నదే సగం విద్య అని అప్పుడు అర్థమైంది. మంటకు దగ్గరగా, సన్నగా ఉండి త్వరగా కాగగలిగినవి. దూరంగా, మందపాటివి. మొదట కొంతసేపు ఊకతో, పిడకలతో పొగే తప్ప మంట ఉండదు, తడి అంతా అప్పుడే పోతుంది. ఆ తర్వాతే పుల్లలు. ఇలాంటి ఆవంలో వేడి మామూలుగా 700 నుంచి 850 డిగ్రీల మధ్య ఉంటుంది, అదీ అన్ని మూలలా ఒకేలా ఉండదు. మట్టిలో నీళ్ళలా కనిపించకుండా కలిసిపోయి ఉండే తేమ కూడా 600 డిగ్రీలలోపు పోతుంది, ఆ తర్వాత ఆ మట్టి ఎన్ని నీళ్ళు పోసినా మళ్ళీ బురద కాదు. చల్లారేటప్పుడు తొందరపడితే ఇంకో గండం ఉంది. మట్టిలోని స్ఫటిక ఇసుక 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది, ఆ సమయంలో చల్లగాలి తగిలితే ఖంగుమని పగులుతుంది. పెద్దాయనకు ఆ అంకె అక్కర్లేదు, బూడిద చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వడు.

చట్టి, పళ్ళెం బాగా వచ్చాయి. గూడు ఒక చిల్లు నుంచి అంచు దాకా చీలింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, ఇక్కడ గుదియ, అంటే దుడ్డుకర్ర, కూడా అవసరం పడలేదు. చిల్లుకూ అంచుకూ మధ్య ఒక వేలెడు దూరం కూడా లేదు, అక్కడ గోడకు బలం చాలలేదు. మళ్ళీ చేసేటప్పుడు అంచు వెంబడి ఒక తాడు అతికి లావు చేస్తాను.

పళ్ళెం ఒకవైపు నల్లబారింది. ఊక ఎక్కువగా పడి, గాలి అందని చోట మట్టిలోని ఇనుము ఎర్రబడటం మాని, పొగలోని బొగ్గు పట్టి అలా అవుతుంది. కొందరు దాన్ని లోపం అంటారు, నాకైతే అదే ఆ పళ్ళానికి అందం. నాగార్జునకొండ బృహత్ శిలా సమాధుల్లో దొరికిన నలుపు-ఎరుపు పాత్రల వెనకున్న సూత్రమూ ఇదే, వాళ్ళు కావాలనే చేసేవాళ్ళు. దాని మీద యాక్రిలిక్ వార్నిష్ కొట్టమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. మట్టిపాత్రకు ప్లాస్టిక్ పూత పూసి మట్టిపాత్ర అని చెప్పుకోవడం నాకు నచ్చదు, అందులోనూ తిండి పెట్టేదానికి అసలు వద్దు.

కార్తీకం: నీళ్ళ పరీక్ష

ఏ పాత్ర దేనికి అన్నది ఇక్కడే తేలింది. 200 గ్రాముల పెంకు ముక్కను రాత్రంతా నీళ్ళలో ఉంచి, పైతడి తుడిచి తూచితే 228 వచ్చింది. అంటే తన బరువులో 14 శాతం నీళ్ళు తాగింది. కూజా చల్లబడేది, పెరుగు గట్టిగా తోడుకునేది ఈ గుణంతోనే. పాలలో నీరు కొంత గోడలోకి పోతుంది, బయటికి వచ్చిన చెమ్మ ఆవిరవుతూ చట్టిని చల్లబరుస్తుంది. చట్టిని వాడే ముందు ఒక రాత్రి నానబెట్టి, చిక్కటి గంజి పోసి సన్న సెగ మీద కాచాను. గంజి సూక్ష్మ రంధ్రాల్ని కొంత మూస్తుంది, కారడం తగ్గుతుంది, మొత్తం ఆగదు. సబ్బు వాడకూడదు, గోడ దాన్నీ తాగేస్తుంది. వేడి నీళ్ళు, పీచు, ఎండ, అంతే. పెరుగు నిజంగానే గట్టిగా వస్తోంది, చెంచా నిలబడుతోంది.

ఉప్పు జాడీ కూడా ఇదే మట్టితో చేద్దామనుకుంటే మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఉప్పు కుండలో పోస్తారటే? కుండని తినేస్తుంది. మా అమ్మ జాడీలోనే పోసేది" అంది. ఆవంలోనే కాల్చిన ఒక చిన్న ముంతలో రాళ్ళుప్పు పోసి వంటింట్లో పెట్టి చూశాను. వంటింటి చెమ్మకు ఉప్పు కరుగుతుంది, ఆ ఉప్పునీళ్ళు గోడలోంచి బయటికి వస్తాయి, బయట ఆరి మళ్ళీ గడ్డకడతాయి. ముంత బయట తెల్లటి నూగు పట్టింది, ఇంకొన్నాళ్ళకు పైపొర పెళ్ళలుగా రాలడం మొదలైంది. ఉప్పు స్ఫటికాలు గోడలోనే పెరిగి దాన్ని లోపలినుంచి నెడతాయి. అత్తయ్య మాట అక్షరాలా నిజం, తినేస్తుంది. మెరుపు పూతతో పైన గోధుమ రంగు, కింద తెలుపు ఉండే మన పాత జాడీలు ఊరికే రాలేదు. నిమ్మకాయ ఊరగాయకీ ఆవకాయకీ కూడా అదే లెక్క, పులుపు, నూనె, ఉప్పు మూడూ సందు దొరికితే దూరేవే.

చెరువు మట్టి మీదే మెరుపు పూత పూసి కాల్చకూడదా అంటే, రెండు కారణాలు అడ్డం. వేడి ఒకచోట ఒకలా ఉండే ఆవంలో పూత సరిగ్గా కరగదు. కరిగినా మట్టి, పూత ఒకేలా వ్యాకోచించకపోతే సన్న గీతల వల పడుతుంది, ఉప్పునీళ్ళకు అదే దారి. తక్కువ వేడికే కరిగి తళతళలాడే పాతకాలపు పూతల్లో సీసం ఉండేది, కాబట్టి ఎక్కడో డబ్బాలో దొరికిన పేరులేని పూత తిండి పాత్రకు అసలు వాడకండి.

అందుకని జాడీకి స్టోన్‌వేర్ మట్టి, అంటే బాగా ఎక్కువ వేడికి కాలి గట్టిపడే రకం, తెప్పించాను. 1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే మట్టిపాత్రల కార్యశాల మొదలయ్యాక మన దక్షిణాదిలో స్టూడియో పాటరీ వాళ్ళకు ఈ రకం పని బాగా పరిచయమైంది. ఈ మట్టిని 1220 నుంచి 1240 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ వేడికి మట్టిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం కరిగి గాజులా మారి సందులు మూసేస్తుంది, పూత పైపైన కాకుండా గోడతో కలిసిపోతుంది. కానీ కుంచించుకోవడం ఎక్కువ, పచ్చిమట్టి నుంచి చివరిదాకా 12 శాతం దగ్గర. మా గట్టు మీద అరకు సరిపోవాలంటే జాడీ 15 సెం.మీ. ఉండాలి, 15ను 0.88తో భాగించి 17 సెం.మీ. ఎత్తు కట్టాను.

తాళ్ళు చుట్టే పని నాకు అన్నిటికన్నా ఇష్టం. మూడు వరసలు చుట్టి, లోపలా బయటా వేళ్ళతో పామి, కాసేపు గట్టిపడనిచ్చి, మళ్ళీ మూడు. ఆత్రంగా ఒకేసారి కట్టేస్తే పొట్ట దగ్గర కూలుతుంది. మూత అదే మట్టితో, అదే రోజు చేసి, జాడీ మీదే పెట్టి కలిపి ఆరబెట్టాలి. విడిగా ఆరితే చెరో ఆకారానికి పోతాయి.

కాల్చడానికి తాడేపల్లిలో తెలిసినావిడ దగ్గర ఎలక్ట్రిక్ కిల్న్ (కరెంటు బట్టీ) ఉంది. ఎండిన పచ్చిపాత్ర అన్ని దశల్లోకీ పెళుసు, అందుకే స్కూటరు మానేసి ఆటోలో, ఒళ్ళో దిండు, దిండు మీద జాడీ, ప్రకాశం బ్యారేజీ మీదుగా. ఆటో అతను "ఏంటండీ, లోపల పామా" అని అడిగాడు. మొదటి కాల్పు వెయ్యి డిగ్రీల దగ్గర అయింది, చీలికలు లేవు. ఇప్పుడు పూత పూయాలి. అడుగున, మూత కూర్చునే గాడిలో, మూత అంచున పూత తడి స్పాంజితో పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే జాడీ కిల్న్ అరకూ, మూత జాడీకీ అతుక్కుపోతాయి. పూత తెలుపా, తేనె రంగా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు, అత్తయ్య తెలుపు అంటోంది. ఆవిడ కిల్న్ నిండడానికి ఇంకో అర ఖాళీ ఉందట, అందుకని ఈలోగా అదే స్టోన్‌వేర్‌తో ఉప్పు చెంచా ఒకటి, మిగిలిన పలకతో పోపు సామాన్లకు చిన్న గిన్నెలు చేస్తున్నాను. బల్బు గూడు మాత్రం మళ్ళీ చెరువు మట్టితోనే, ఈసారి అంచు లావుగా.